స్వారీ సందేహాలు: క్యాంటర్‌లో ఎగిరిపడకుండా కూర్చోవడం ఎలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం క్యాంటర్ గురించే, అంటే నడక, దానికన్నా వేగమైన ట్రాట్ తర్వాత గుర్రం ఎత్తుకునే మెల్లని దౌడు గురించే. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపి జవాబులు రాశాం. గుర్రాన్నీ, దాని మీద కూర్చున్న మనిషినీ కళ్లారా చూడకుండా చెప్పే సలహాకు ఒక హద్దు ఉంటుంది. కాబట్టి ఇక్కడ చదివినదాన్ని మీ కోచ్‌తో మాట్లాడి, వాళ్ల ఎదుటే ప్రయత్నించండి. మనం తిరుగుతున్న వలయానికి లోపలి పక్కన ఉండే కాలును లోపలి కాలు అనీ, కంచె వైపు ఉండేదాన్ని బయటి కాలు అనీ అంతటా రాశాం.

ప్రశ్న: ఎనిమిది నెలలుగా మొయినాబాద్ వైపు ఒక రైడింగ్ స్కూల్లో నేర్చుకుంటున్నాను. వయసు 34. ట్రాట్ బాగానే వచ్చింది. క్యాంటర్‌లో మొదటి మూడు నాలుగు అంగలు బాగుంటాయి, ఆ తర్వాత జీను మీద ధబీ ధబీమని పడుతుంటాను. లోపలి పక్క రికాబు (పాదం పెట్టుకునే ఇనుప వలయం) జారిపోతుంది. ‘మడమలు కిందికి! వెనక్కి కూర్చో!’ అని కోచ్ గట్టిగా చెబుతారు. అలా చేస్తే ఇంకా ఎక్కువ ఎగురుతున్నాను. తప్పు ఎక్కడ జరుగుతోంది? (ఒక పాఠకురాలు, అత్తాపూర్)

జవాబు: ముందు మీ కింద గుర్రం ఏం చేస్తోందో చూద్దాం. నడకలో నాలుగు డెక్కల చప్పుళ్లు విడివిడిగా వినిపిస్తాయి, ట్రాట్‌లో రెండు, క్యాంటర్‌లో మూడు. ఎడమ లీడ్‌లో ఉన్న గుర్రం, అంటే ఎడమ ముందు కాలును ఎక్కువ ముందుకు చాస్తున్న గుర్రం, మొదట కుడి వెనక కాలు వేస్తుంది. తర్వాత ఎడమ వెనక కాలూ కుడి ముందు కాలూ ఒకేసారి పడతాయి. ఆఖరున ఎడమ ముందు కాలు. ఆ వెంటనే ఒక్క క్షణం నాలుగు కాళ్లూ గాల్లో ఉంటాయి. ఇది నిమిషానికి దాదాపు వంద సార్లు జరుగుతుంది.

మొదటి చప్పుడు దగ్గర గుర్రం ముందు భాగం లేస్తుంది, దానితోపాటు జీను ముందు అంచూ లేస్తుంది. మూడో చప్పుడు దగ్గర ముందు భాగం దిగి వెనక భాగం లేస్తుంది, జీను వెనక అంచు మిమ్మల్ని కింది నుంచి తోస్తుంది. అంటే మీరు కూర్చున్న పీట ప్రతి అంగలోనూ ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకు ఒరుగుతోంది. ఆ ఒరుగుడును మీ ఒంట్లో ఏదో ఒక కీలు తీసుకోక తప్పదు. తుంటి కీళ్లు తీసుకుంటే కటి జీనుతోపాటు కదులుతుంది, భుజాలు ఉన్నచోటే ఉంటాయి. తుంటి బిగిస్తే తీసుకునే కీలే లేదు, మొత్తం మనిషే ముందుకూ వెనక్కూ ఊగి, జీను వెనక అంచు లేచినప్పుడల్లా పైకి లేస్తాడు. బాగా స్వారీ చేసేవాళ్లు కదలకుండా కూర్చున్నట్టు కనిపిస్తారు కదా, నిజానికి నడుము కింద వాళ్లు మీకంటే ఎక్కువే కదులుతుంటారు.

మొదటి మూడు నాలుగు అంగలు బాగున్నాయన్నారు, మీ ఉత్తరంలో అసలు ఆనవాలు అదే. క్యాంటర్‌లోకి వెళ్లేటప్పుడు చాలామంది ఊపిరి బిగబడతారు. నాలుగో అంగకల్లా పొట్ట, తొడలు గట్టిపడతాయి. ఒకసారి కొంచెం ఎగిరితే పడిపోతానేమోనని మోకాళ్లతో జీనును నొక్కుతారు. మోకాళ్లు దగ్గరికి వచ్చినకొద్దీ పిరుదులు జీను మీంచి పైకే వస్తాయి. మోకాలు పైకి జరిగితే మడమ లేస్తుంది, మడమ లేస్తే రికాబు మీద బరువుండదు, రికాబు జారుతుంది. లోపలి పక్కదే జారడానికి కారణం, మలుపులో ఒరిగిపోకుండా ఆగాలని ఆ మోకాలితోనే గట్టిగా పట్టుకోవడం.

ఈ స్థితిలో ‘మడమలు కిందికి’ అంటే ఏం చేస్తాం? చీలమండను బిగించి పాదాన్ని ముందుకు తోస్తాం. పాదం ముందుకు పోతే పిరుదులు జీను వెనక భాగానికి వెళ్తాయి, సరిగ్గా ఎక్కువగా ఎగరేసే చోటికి. ‘వెనక్కి కూర్చో’ అనేది భుజాలను వెనక్కి వాల్చడంగా మారి ఇంకా చెరుపు చేస్తుంది. కోచ్ చూసిన లోపం నిజమే, దానికి మందు మాత్రం మడమ దగ్గర లేదు, మోకాలి దగ్గర ఉంది. మోకాలి పట్టు వదిలి, తొడను తుంటి నుంచి బరువుగా కిందికి వేలాడనిస్తే మడమ తనంతట తానే దిగుతుంది.

ఇక చేయాల్సినవి. రికాబు పొడవు ముందు చూసుకోండి. జీను మీద కూర్చుని కాళ్లు వదిలేస్తే రికాబు అడుగు చీలమండ ఎముక దగ్గరికి రావాలి. అంతకన్నా కిందికి ఉంటే కాలి వేళ్లతో వెతుక్కోవాల్సి వస్తుంది, క్యాంటర్‌లో జారిపోయే రికాబుల్లో చాలా వాటి కథ ఇదే. ఒక రంధ్రం, అంటే సుమారు 2.5 సెం.మీ., పైకి కట్టినా తేడా తెలుస్తుంది.

తర్వాత నడకలో ఐదు నిమిషాలు. అరచేతిని పైకి తిప్పి పిరుదు కింద పెట్టండి, అక్కడ గట్టిగా తగిలేది కూర్చునే ఎముక. రెండు వైపులా వెతికి పట్టుకున్నాక చేతులు తీసేయండి. రికాబుల్లోంచి పాదాలు తీసి కాళ్లు వదిలేసి, ఆ రెండు ఎముకలను గుర్రం ఒకదాని తర్వాత ఒకటి ఎలా కదిలిస్తోందో గమనించండి. మీరు తోయకూడదు, గుర్రాన్ని కదిలించనివ్వాలి. అప్పుడే ఒక్కసారి కావాలని మోకాళ్లు నొక్కి చూడండి, ఆ కదలిక ఠక్కున ఆగిపోతుంది. క్యాంటర్‌లో మీరు చేస్తున్నది అదేనని ఒంటికే తెలుస్తుంది.

ఇప్పుడు క్యాంటర్‌లోకి వెళ్లే తీరు. 20 మీటర్ల వలయం మీద, జీను మీంచి లేవకుండా కూర్చున్న ట్రాట్‌లో నాలుగైదు అంగలు. మరీ వేగం వద్దు, ట్రాట్ పరుగులా ఉంటే క్యాంటర్ కూడా గతుకులుగానే మొదలవుతుంది. లోపలి కాలు గర్త్ పట్టీ (గుర్రం పొట్ట కింద నుంచి జీనును బిగించే పట్టీ) దగ్గర, బయటి కాలు దానికి ఒక బెత్తెడు వెనక. లోపలి పక్క కూర్చునే ఎముక పిసరంత ముందుకు. ఎదురుగా కంచె మీద ఒక చోటు చూసుకుని, నోటితో ఊపిరి వదులుతూ బయటి కాలితో అడగండి. ఊపిరి వదలడమన్నది మరిచిపోవద్దు, ఈ వరుసలో తప్పకుండా చేయాల్సిన పని అదొక్కటే అన్నా నేను ఒప్పుకుంటాను. వదిలే ఊపిరితో పొట్ట, తుంటి ముందరి కండరాలు మెత్తబడతాయి. ఆ తర్వాత ‘ఒకటీ, రెండూ, మూడూ’ అని డెక్కల చప్పుడుతోపాటు పైకి లెక్కపెట్టండి. పైకి మాట్లాడే మనిషి ఊపిరి బిగబట్టలేడు.

ఆరు అంగలు చాలు. ఏడో అంగలో ఎగురుతారని తెలిసినప్పుడు ఆరో అంగ దగ్గరే ట్రాట్‌లోకి రండి, సర్దుకోండి, మళ్లీ అడగండి. ఎరీనా చుట్టూ మూడు రౌండ్లు ఎగురుకుంటూ పోతే ఒళ్లు నేర్చుకునేది ఎగరడమే. ఒక పాఠంలో ఇలాంటి చిన్న క్యాంటర్లు ఎడమకు ఐదు, కుడికి ఐదు చాలు. ఆరు అంగలు కుదిరాక ఎనిమిది, ఆ తర్వాత సగం వలయం.

చేతులకు ఒక ఆధారం కూడా కావాలి. గుర్రం మెడకు పాత రికాబు పట్టీ ఒకటి వదులుగా కట్టించుకోండి. లేదా జీను ముందు భాగంలో రెండు రింగులకు ఒక చిన్న తోలు పట్టీ. బయటి చేతి రెండు వేళ్లు దానికి తగిలించి, మిమ్మల్ని మీరు జీనులోకి మెల్లిగా లాక్కోండి. పగ్గాలు పట్టుకుని నిలదొక్కుకుంటే ఆ బరువంతా కళ్లెం మీద, అంటే గుర్రం నోటి మీద పడుతుంది. నొప్పికి గుర్రం వీపు బిగిస్తుంది, బిగిసిన వీపు మీద ఎవరూ కూర్చోలేరు.

అన్నిటికన్నా త్వరగా పని చేసేది, పొడవు తాడు మీద కోచ్ గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతుంటే పగ్గాలు లేకుండా కూర్చోవడం. మీ స్కూల్లో అడగండి. రెండు దిక్కులూ కలిపి 20 నిమిషాలు దాటకూడదు, చిన్న వలయంలో ఎక్కువసేపు తిప్పితే గుర్రం కాళ్ల కీళ్లు దెబ్బతింటాయి.

ప్రశ్న: మా స్కూలు గుర్రం మహా మొండిది. క్యాంటర్ ఆగకుండా ఉండాలంటే నడుముతో తోస్తూనే ఉండాలి. వీడియోలో చూస్తే నా భుజాలు పడవ నడిపేవాడిలా ఊగుతున్నాయి. ‘రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుంది’ అంటాడు గుర్రాన్ని చూసుకునే మా సైస్. ఇంకా గట్టిగా తోయాలా? (ఉప్పల్)

జవాబు: వద్దు. మీ తోపు జీనులోంచి గుర్రం వీపు మీదికే పోతోంది. ప్రతి అంగలోనూ వీపు మీద గుద్దు పడుతుంటే దానికి ముందుకు పోవాలనిపించదు. పైగా పది నిమిషాల్లో అలిసిపోయేది మీరే.

సామెతను నేను కాదనను, దాన్ని నడుముకు కాక కాలికి అన్వయించుకోండి. కాలితో ఒక్కసారి తేలిగ్గా అడగండి. బదులు రాకపోతే వెంటనే ఇంకొకసారి, ఈసారి స్పష్టంగా. అప్పటికీ రాకపోతే మీ కాలి వెనకే కర్రతో ఒక్క తట్టు. గుర్రం ముందుకు వెళ్లిన క్షణాన కాలు వదిలేసి ఊరుకోండి. ఊరుకోవడమే దానికి బహుమానం. మీరు ప్రతి అంగకూ కాలితో పొడుస్తూ ఉంటే కొన్నాళ్లకు అది ఆ పొడుపును పట్టించుకోవడం మానేస్తుంది, చాలా స్కూలు గుర్రాల ‘మొండితనం’ అలా తయారైందే. క్యాంటర్ తెగితే తెగనివ్వండి, తోసి నిలబెట్టొద్దు. ట్రాట్‌లో సర్దుకుని మళ్లీ స్పష్టంగా అడగండి.

అయితే ముందు ఒక సంగతి తెలుసుకోండి. మీరెక్కేది ఆ ఉదయం దానికి ఎన్నో పాఠం? మూడో పాఠమైతే అది అలసట. గట్టి నేల మీద రోజూ పరిగెత్తే గుర్రమైతే కాలినొప్పి కావచ్చు. ఒక దిక్కున మాత్రమే క్యాంటర్‌కు మొండికేస్తే, జీను వేసేటప్పుడు చెవులు వెనక్కి వాల్చితే, పశువైద్యుడు చూసేదాకా ఎక్కకండి.

ప్రశ్న: గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలోనే. శని, ఆదివారాలు స్వారీ. క్యాంటర్ చేసిన రోజు సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. నిటారుగానే కూర్చుంటున్నాను. (ఒక పాఠకుడు, కొండాపూర్)

జవాబు: ‘నిటారుగా’ అన్న చోటే చూడాలి. ఛాతీ విరిచి నడుమును విల్లులా లోపలికి వంచడాన్ని చాలామంది నిటారు అనుకుంటారు. కుర్చీలో గంటల తరబడి కూర్చుంటే తుంటి ముందరి కండరాలు బిగిసి కురచబడినట్టవుతాయి. గుర్రం మీద తొడ కిందికి దిగాల్సి వచ్చినప్పుడు అవి సాగక, కటి ముందు అంచును కిందికి లాగుతాయి, నడుము గుంట పడుతుంది. ఆపైన క్యాంటర్ ప్రతి అంగలోనూ ఆ గుంటనే నొక్కుతుంది. దీనికి ఎదురుగా ఇంకో తప్పు ఉంది: కటిని వెనక్కి ముడుచుకుని వీపు గూనిలా కూర్చోవడం. అప్పుడు దెబ్బంతా నడుము కింది భాగానికి తగులుతుంది.

మధ్యస్థం ఎక్కడుందో కనిపెట్టాలంటే, గుర్రం నిలబడి ఉన్నప్పుడు కటిని పూర్తిగా ముందుకు వంచండి, తర్వాత పూర్తిగా వెనక్కి. రెండింటి మధ్య, కూర్చునే ఎముకలు నేల వైపు సూటిగా చూసే చోట ఆగండి. పక్క నుంచి ఎవరినైనా ఫోటో తీయమనండి: చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీత మీద పడాలి. మడమ ఆ గీతకు ముందుంటే మీరు కుర్చీలోలాగే కూర్చున్నారు.

నేల మీద చేయాల్సినవి మూడే. ఒక మోకాలు నేల మీద ఆనించి, రెండో పాదం ముందుకు పెట్టి, పిరుదు బిగించి కటిని కొద్దిగా ముందుకు జరపండి. నేల మీదున్న తొడ ముందు భాగం సాగుతుంది. 30 సెకన్లు, ఒక్కో వైపు మూడుసార్లు, రోజూ. నడుము వంచి ముందుకు పడిపోతే సాగేదేమీ ఉండదు, అందరూ చేసే పొరపాటు అది. రెండోది, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు పైకెత్తడం, 12 చొప్పున రెండు విడతలు. మూడోది జిమ్ బంతి. 65 సెం.మీ. బంతి (ఎత్తు 160 సెం.మీ. లోపైతే 55) మీద కూర్చుని, భుజాలు కదలకుండా కటిని మాత్రమే ముందుకూ వెనక్కూ దొర్లించండి, రెండు నిమిషాలు. క్యాంటర్‌లో కావాల్సిన కదలిక ఇదే. భుజాలు కదులుతున్నాయో లేదో అద్దంలో తెలిసిపోతుంది. ఆఫీసులో గంటకోసారి లేచి నాలుగడుగులు వేయడం వీటన్నిటికీ బలం.

ఎక్కే రోజు కారు దిగి నేరుగా జీను మీదికి వెళ్లకండి. మియాపూర్ నుంచో కొండాపూర్ నుంచో గంటసేపు కారు నడుపుకుని వచ్చినవాళ్ల తుంటి అప్పటికే బిగిసి ఉంటుంది. పది నిమిషాలు నడిచి, మొదటి సాగదీత అక్కడే ఒకసారి చేసి ఎక్కండి. నొప్పి నడుము దాటి కాల్లోకి పాకినా, తిమ్మిరి వచ్చినా, స్వారీ ఆపి ఎముకల వైద్యుణ్ని కలవండి. అది వ్యాయామాలతో తేల్చుకునే విషయం కాదు.

జీనును కూడా ఒకసారి చూడండి. గుర్రం మీద పెట్టాక పక్క నుంచి చూస్తే జీనులో అన్నిటికన్నా లోతైన చోటు మధ్యలో ఉండాలి. వెనక్కి జారి ఉంటే ఎంత సరిగ్గా కూర్చున్నా వెనక్కే పడుతుంటారు. కూర్చున్నాక మీ వెనక జీను అంచు దాకా నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలి.

ప్రశ్న: నేనెక్కే గుర్రం రేసుల నుంచి వచ్చింది. ట్రాట్‌లో బంగారం. క్యాంటర్‌లో మాత్రం ఐదారు అంగలకే వేగం పెంచేస్తుంది, పగ్గాలు లాగితే ఇంకా పెంచుతుంది, నన్ను ముందుకు గుంజేస్తుంది. సరిగ్గా కూర్చునే సందే దొరకడం లేదు. (అజీజ్‌నగర్)

జవాబు: మలక్‌పేట రేసుకోర్సులో 1,100, 1,200 మీటర్ల పరుగులకు తయారైన థరోబ్రెడ్‌కు (రేసు గుర్రాల జాతి) మీరు పగ్గాలు బిగిస్తే ఏమర్థమవుతుందో ఆలోచించండి. పగ్గం మీద జాకీ గట్టి పట్టు ఇస్తే, ఆ పట్టు మీద ఆనుకుని పరిగెత్తడం అది చిన్నప్పుడే నేర్చుకుంది. మీరు లాగుతున్నారంటే ఆనుకోమంటున్నారని దానికి అర్థం. అది మిమ్మల్ని ధిక్కరించడం లేదు, తనకు తెలిసిన జవాబు చెబుతోంది. పైగా జాకీలు జీను మీద పిరుదు ఆనించి కూర్చోరు. కాబట్టి వీపు మీద బరువు పూర్తిగా దించి కూర్చునే మనిషి దానికి కొత్త. బరువు ధభీమని పడితే ఆ బరువు నుంచి పారిపోవాలని కూడా వేగం పెంచుతుంది.

అందుకని కొన్నాళ్లు ఇలాంటి గుర్రం మీద క్యాంటర్‌లో పూర్తిగా కూర్చోవడం మానేయండి. రికాబు ఒకటి రెండు రంధ్రాలు పైకి కట్టి, పిరుదులను జీను మీంచి ఒక అరచేయి మందం ఎత్తి, బరువును తొడల్లోంచి మడమల్లోకి దించండి. భుజాలు మోకాళ్ల మీదికి వస్తాయి, తుంటి మడత పడుతుంది, వీపు మాత్రం బల్లపరుపుగా ఉంటుంది. మెడపట్టీ లేదా జూలు పట్టుకోండి. దాని వీపు మెత్తబడ్డాక, నాలుగు అంగలు తేలిగ్గా జీనును తాకి, మళ్లీ లేవండి.

వేగానికి మందు వలయం. సూటి దారిలో దాన్ని ఆపలేరు, 20 మీటర్ల వలయంలో అది తనంతట తానే తగ్గుతుంది. పెంచబోతోందనిపించిన అంగలో, అంటే పెంచాక కాదు, ముందే, ఒళ్లు కాస్త పొడవు చేసి, ఊపిరి వదిలి, బయటి పగ్గాన్ని గుప్పెట బిగించి ఒక్క అంగ ఆపండి. వెంటనే వదిలేయండి. వదలడం ఆలస్యమైతే మళ్లీ దానికి ఆనుకునే గోడ దొరికినట్టే. లోపలి పగ్గాన్ని మధ్యమధ్య రెండంగలపాటు ముందుకు ఇచ్చి చూడండి. గుర్రం మీ చేతి మీద లేకుండా నిలబడిందా లేదా అప్పుడు తెలుస్తుంది. ట్రాట్ నుంచి క్యాంటర్, క్యాంటర్ నుంచి ట్రాట్ ఎనిమిదేసి అంగలకొకసారి మారుస్తుంటే అది ముందుకు పరిగెత్తడం కంటే మీ తర్వాతి మాట కోసం ఎదురుచూడటం మొదలుపెడుతుంది. ఇది వారంలో అయ్యే పని కాదు, నెలలు పడుతుంది. ఈ గుర్రాలకు ఆ ఓపిక దక్కాలి.

ప్రశ్న: కుడి లీడ్‌లో బాగా కూర్చోగలను. ఎడమకు తిరిగితే కుడివైపుకు జారిపోతాను, జీను కూడా నాతో జరుగుతుంది. (సైనిక్‌పురి)

జవాబు: ఎడమకు తిరిగేటప్పుడు మీరు భుజంతో లోపలికి ఒరుగుతున్నారు, దానివల్ల ఎడమ పక్క నడుము ముడుచుకుంటోంది, పిరుదులు కుడికి జారుతున్నాయి. లోపలికి ఇంకా ఒరగాలనిపించడం సహజమే, కానీ ఒరిగినకొద్దీ ఈ గొలుసు బిగుస్తుంది. ఎడమ చేతిని నెత్తి మీదికి నిలువుగా ఎత్తి కుడి చేత్తో పగ్గాలు పట్టుకుని, నడకలో ఒక వలయం, ట్రాట్‌లో ఒక వలయం వేయండి. ముడుచుకున్న పక్క విచ్చుకుంటుంది, కూర్చునే ఎముక మళ్లీ జీనుకు తగులుతుంది. క్యాంటర్‌లో నాలుగైదు అంగలు అలాగే, మెడపట్టీ పట్టుకుని. లోపలి రికాబును కిందికి తొక్కితే చాలనుకుంటారు చాలామంది. తొక్కితే కాలు నిటారై పిరుదు ఇంకా అవతలికి పోతుంది.

తప్పు మొత్తం మీదే కాకపోవచ్చు. ఎప్పుడూ ఎడమ వైపు నుంచే ఎక్కుతాం కాబట్టి ఎడమ రికాబు పట్టీ కాలక్రమేణా సాగుతుంది. రెండు పట్టీలూ విప్పి పక్కపక్కన పెట్టి రంధ్రాలు కలుస్తున్నాయో లేదో చూడండి, నెలకోసారి ఎడమదాన్ని కుడికి, కుడిదాన్ని ఎడమకు మార్చండి. నేల మీంచి కాక ఎత్తు దిమ్మ మీంచి ఎక్కండి, జీనుకూ గుర్రం వెన్నుకూ మంచిది. అప్పటికీ జరిగితే, జీను వేసిన గుర్రాన్ని వెనక నుంచి, కాస్త ఎత్తు మీంచి చూడండి. ఒక భుజం రెండోదానికన్నా దళసరిగా ఉంటే ప్రతి అంగలోనూ అదే జీనును అవతలికి నెడుతుంది, అప్పుడు సరిచేయాల్సింది జీను.

ప్రశ్న: మా పాపకు 11 ఏళ్లు. క్యాంటర్ మొదలుకాగానే ఏ కాలు ముందుందో చూడటానికి కిందికి వంగిపోతుంది. ఎలా మాన్పించాలి? (ఒక తండ్రి, కూకట్‌పల్లి)

జవాబు: చూడొద్దని చెబితే చూస్తుంది. చూడకుండా తెలుసుకునే ఆట ఇవ్వండి. క్యాంటర్ మొదలైన రెండో అంగలో, కళ్లు ముందుకే పెట్టి, ‘ఎడమ’ లేదా ‘కుడి’ అని పాప పైకి చెప్పాలి, కోచ్ అవునో కాదో చెప్పాలి. సరైన లీడ్‌లో లోపలి పక్క తుంటి కొద్దిగా ముందుకు పోతున్నట్టు తెలుస్తుంది. పిల్లలు దీన్ని పెద్దల కంటే త్వరగా పట్టుకుంటారు. మరీ అనుమానమైతే తల వంచకుండా కళ్లు మాత్రం దించి గుర్రం భుజాలను చూడొచ్చు, ముందుకు ఎక్కువ చాస్తున్న భుజమే లీడ్. తల బరువు తక్కువేం కాదు, అది వంగితే భుజాలు వంగుతాయి, గుర్రం ట్రాట్‌లోకి పడిపోతుంది.

పాప రికాబు ఇనుము పెద్దవాళ్లది కాకూడదు. బూటుకు రెండు పక్కలా ఒక్కో వేలు సందు ఉండాలి. ఎక్కువైతే పాదం మొత్తం దూరిపోయి పడినప్పుడు ఇరుక్కుంటుంది. తక్కువైనా ఇరుక్కుంటుంది. మడమ ఉన్న బూటే వేయించండి. ఒకసారి కింద పడి తల తగిలిన హెల్మెట్‌ను, పైకి బాగానే కనిపించినా, మార్చేయండి.

ప్రశ్న: మా మార్వాడీ గుర్రం రేవాల్ (ఈ జాతికి పేరున్న, కుదుపు లేని వేగపు నడక) చాలా బాగా వెళ్తుంది. క్యాంటర్ మాత్రం కుదుపులుగా, ముందు కాళ్లు ఒకరకం, వెనక కాళ్లు ఇంకోరకంగా ఉంటుంది. నా కూర్చునే తీరు వల్లనా? (శంషాబాద్)

జవాబు: ప్రధానంగా కాదు. రేవాల్ బాగా అలవాటైన గుర్రం ఒకే పక్క కాళ్లను దాదాపు జంటగా వాడుతుంది. క్యాంటర్ మధ్య చప్పుడుకు ఐమూల కాళ్లు జంట కావాలి. ఆ జంట విడిపోతే ముందు ఒక లీడు, వెనక ఇంకో లీడు పడుతుంది, అలాంటి క్యాంటర్‌లో ఎంతటివాళ్లూ కూర్చోలేరు. దాని మీద మీ ఆసనాన్ని తప్పుపట్టుకోకండి. వెంటనే ట్రాట్‌లోకి తెచ్చి మళ్లీ మొదలుపెట్టండి. నేల మీద కర్రలు 1.2 నుంచి 1.4 మీటర్ల ఎడంతో నాలుగు పరిచి, వాటి మీదుగా ట్రాట్ చేయిస్తే ఐమూల జంట బలపడుతుంది. కొద్దిపాటి ఎగువ దారిలో క్యాంటర్ అడిగితే సులభంగా ఇస్తుంది. మెడ ఎత్తి నడిచే జాతి కాబట్టి తలను బలవంతంగా దించే పట్టీలు కట్టొద్దు, వీపు ఇంకా గుంట పడుతుంది.

ప్రశ్న: బ్రీచెస్ (స్వారీ ప్యాంటు) కొనకుండా జీన్స్‌తో క్యాంటర్ చేయొచ్చా? (దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: తొడ లోపలి కుట్టు మోకాలి దగ్గర ఒరుసుకుంటుంది. ఒరుసుకునే చోటును తప్పించుకోవడానికి తెలియకుండానే మోకాలు ఎత్తుతారు, మొదటి ప్రశ్నలోని బాధలన్నీ అక్కణ్నుంచే మొదలవుతాయి. లోపలి కుట్టు లేని, సాగే ప్యాంటు ఏదైనా సరే. జారే పాలిస్టర్ ట్రాక్ ప్యాంటు వద్దు.

ప్రశ్న: ఏప్రిల్, మే నెలల్లో క్యాంటర్ సాధన ఆపేయాలా? (నాగోల్)

జవాబు: ఆపక్కర్లేదు, సమయం మార్చండి. ఉదయం ఐదున్నరకు మొదలుపెట్టి ఏడుకల్లా గుర్రం నీడలో ఉండాలి. సాయంత్రం ఆరింటికి కూడా నేల, గాలి వేడిగానే ఉంటాయి కాబట్టి ఉదయమే నయం. క్యాంటర్‌ను రెండేసి నిమిషాల ముక్కలుగా చేసి, మధ్యలో మూడు నిమిషాలు పగ్గాలు వదిలి నడిపించండి. దిగాక ముక్కుపుటాలు, డొక్కలు చూడండి. పది నిమిషాల నడక తర్వాత కూడా డొక్కలు కొట్టుకుంటుంటే ఆ రోజు మీరు ఎక్కువ చేయించారు. మెడ మీద, కాళ్ల మధ్య భాగం మీద నీళ్లు పోస్తూ, పోసిన నీళ్లు వేడెక్కితే గీసేసి మళ్లీ పోయండి, తాగడానికి నీళ్లు వెంటనే పెట్టొచ్చు. ఇక్కడి మొరం నేల వేసవిలో రాయిలా గట్టిపడుతుంది, దాని మీద క్యాంటర్ చేయించకండి, ఇసుక పరిచిన చోటే చేయించండి. వానాకాలంలో అదే ఇసుక నీళ్లు పట్టి డెక్క పైదాకా దిగబడుతుంటే ఆ రోజు నడక, ట్రాట్‌తో సరిపెట్టుకోండి.